మొదటి డెస్క్‌టాప్‌కు డబ్బు లెక్క ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: ఇంతకాలం ల్యాప్‌టాప్ మీదే పని చేస్తూ వచ్చాను. ఈ మధ్య వీడియో ఎడిటింగ్ నేర్చుకుని చిన్న చిన్న పనులు ఒప్పుకుంటున్నాను, తీరిక దొరికినప్పుడు ఆటలు కూడా ఆడతాను. ల్యాప్‌టాప్ ఇక చాలడం లేదు కనుక విడిభాగాలు కొని సొంతంగా డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకోవాలని ఉంది. ఒక మిత్రుడు సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టమంటున్నాడు. మరొకరేమో ముందు మంచి ప్రాసెసర్ తీసుకుంటే మిగతావన్నీ తర్వాత మార్చుకోవచ్చంటున్నారు. అన్నీ ఒకేసారి కొనేంత డబ్బు ఇప్పుడు లేదు కాబట్టి నెలకొక భాగం చొప్పున కొందామనుకుంటున్నాను. ఇది మంచి పద్ధతేనా? ఏ భాగానికి ఎంత కేటాయించాలి? ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు?

సమాధానం: నెలకొక భాగం కొనే ఆలోచన గురించి ముందుగా చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరం చదివేలోపే మీరు మొదటి భాగం కొనేసే అవకాశం ఉంది. దయచేసి ఆగండి. కంప్యూటర్ భాగాలు విడివిడిగా పెట్టెల్లో ఉన్నంతకాలం వాటిలో ఏది బాగుందో, ఏది పాడైందో తెలుసుకునే దారి ఉండదు. ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై మూడూ చేతికి వచ్చేదాకా మదర్‌బోర్డును ఆన్ చేసి చూడలేరు, మదర్‌బోర్డు లేనిదే ఆ మూడింటినీ పరీక్షించలేరు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకునే గడువు సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది, వారంటీ మీరు వాడటం మొదలుపెట్టిన రోజు నుంచి కాక బిల్లు తేదీ నుంచే నడుస్తుంది. మొదటి నెలలో కొన్న మదర్‌బోర్డు, ఆరో నెలలో ప్రాసెసర్ వచ్చి బిగించాక పనిచేయలేదనుకోండి, మార్పిడికి గడువు దాటిపోయి సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగవలసి వస్తుంది, ఆ ఆరు నెలల వారంటీ కూడా వాడకుండానే పోయినట్టవుతుంది. దాచుకున్న డబ్బుకైతే ఈ ఇబ్బంది లేదు. పైగా కొనే నాటికి ఏ భాగం మెరుగ్గా ఉంటే దాన్నే ఎంచుకునే స్వేచ్ఛ మీ చేతిలోనే ఉంటుంది.

ఈలోగా ధరలు పెరిగితే ఎలా అన్న సందేహం మీకు రావచ్చు, అది నిరాధారమైనదేమీ కాదు. 2020, 2021 సంవత్సరాల్లో చిప్‌ల కొరత, క్రిప్టో మైనింగ్ కలిసి గ్రాఫిక్స్ కార్డులను మామూలు కొనుగోలుదారులకు అందకుండా చేశాయి. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఇలాంటివి ముందుగా ఊహించడం ఎవరి తరమూ కాదు కాబట్టి, ధర పెరుగుతుందన్న భయంతో పరీక్షించలేని వస్తువును ఇంట్లో పెట్టుకోవడం కంటే ఆగడమే క్షేమమని నా అభిప్రాయం. అయితే మీ ల్యాప్‌టాప్‌కు తగిలించి ఈ రోజే వాడి చూడగలిగినవి మాత్రం ముందుగా కొనుక్కోవచ్చు. మానిటర్, కీబోర్డు, మౌస్, బ్యాకప్ కోసం ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఈ కోవలోకి వస్తాయి. మానిటర్ తెచ్చిన రోజే తెర మొత్తం తెలుపుగా, తర్వాత నలుపుగా పెట్టి చూస్తే చచ్చిన పిక్సెళ్లు ఏమైనా ఉంటే బయటపడతాయి, గడువులోపలే మార్పించుకోవచ్చు.

ఇక లెక్క విషయానికి వద్దాం. మొదటిసారి డెస్క్‌టాప్ కట్టుకునేవారు చాలామంది బడ్జెట్ అన్నప్పుడు క్యాబినెట్ లోపల ఉండే భాగాల ధర మాత్రమే వేసుకుంటారు. డబ్బంతా ఆ భాగాలకే అయిపోయి మానిటర్ కొనే సమయానికి చేయి ఖాళీ అవుతుంది, అప్పుడు దొరికిన చవక మానిటర్‌తో సరిపెట్టుకుంటారు. రోజంతా కళ్ల ముందు ఉండేది ఆ తెరే కదా, అందులోనూ మీరు చేసేది రంగులతో పని. కాబట్టి ఒక కాగితం తీసుకుని ముందు బయటి ఖర్చులు రాయండి. మానిటర్, కీబోర్డు, మౌస్, స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్లు, బ్యాకప్ డిస్క్, కరెంటు ఆటుపోట్లున్న చోటైతే యూపీఎస్, మదర్‌బోర్డులో వైఫై లేకపోతే దానికొక అడాప్టర్, ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు, ఇవన్నీ అందులో రావాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది కనుక కొత్త యంత్రానికి విండోస్ 11 గురించే ఆలోచించాలి. లినక్స్ ఉచితమే, నాకు ఎంతో ఇష్టమైనది కూడా, కానీ ఎడిటింగ్ చేసేవారు దూకే ముందు చూసుకోవాలి. అడోబీ ప్రీమియర్ ప్రో లినక్స్‌కు లేదు. డావిన్చీ రిజాల్వ్ ఉంది గానీ, దాని ఉచిత వెర్షన్ లినక్స్ మీద ఫోన్లూ కెమెరాలూ మామూలుగా రికార్డు చేసే హెచ్.264, హెచ్.265 అనే కుదించిన రకాల ఫైళ్లను నేరుగా తెరవదు. లైసెన్సు ఖర్చు మిగులుతుందని అటు వెళ్లి ప్రతి క్లిప్పునూ మరో ఫార్మాట్‌లోకి మార్చుకుంటూ కూర్చోవడం మీ పనికి గిట్టుబాటు కాదు.

ఈ బయటి ఖర్చులు తీసివేసి, మిగిలినదాంట్లో పదో వంతు పక్కన పెట్టండి. మరచిపోయిన కేబుల్, అదనపు ఫ్యాన్, అనుకున్న మోడల్ దొరక్క కాస్త పై మోడల్ తీసుకోవలసి రావడం, ఇలాంటివి తప్పకుండా వస్తాయి. ఆ తర్వాత మిగిలేదే మీ క్యాబినెట్ లోపలి బడ్జెట్.

దాన్ని పంచుకునే ముందు మీ ల్యాప్‌టాప్‌నే ఒకసారి అడగండి. ఎప్పుడూ చేసే ఎడిటింగ్ ప్రాజెక్టును తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీని పక్కన తెరిచి ఉంచుకుని టైమ్‌లైన్‌ను అటూ ఇటూ జరపండి, ఒక ఎఫెక్ట్ వేయండి, చివరికి ఎక్స్‌పోర్ట్ చేయండి. ర్యామ్ నిండిపోయి డిస్క్ నూటికి నూరు శాతం చూపిస్తోందంటే మీకు ముందు కావలసింది ఎక్కువ ర్యామ్. ఎక్స్‌పోర్ట్ సమయంలో ప్రాసెసర్ గ్రాఫ్ పైకప్పును తాకి, గ్రాఫిక్స్ గ్రాఫ్ కింద పడుకుని ఉంటే ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ మీకు ఉపయోగపడుతుంది. గ్రాఫిక్స్ విభాగంలో వీడియో డీకోడ్ అని ఒక చిన్న గ్రాఫ్ ఉంటుంది, దాన్ని కూడా గమనించండి. క్లిప్పు ఆగి ఆగి నడుస్తున్నా ఆ గ్రాఫ్ కదలకుండా ఉంటే, ఆ రకం ఫైలును విప్పే సదుపాయం మీ గ్రాఫిక్స్ చిప్‌కు లేకపోవచ్చు, లేదా మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకోకపోవచ్చు. అప్పుడు ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

ఈ చివరి విషయం దగ్గర కొంచెం ఆగుతాను, ఎడిటింగ్ చేసేవారి డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఫోన్‌లో తీసిన హెచ్.265 వీడియోలను ఇప్పటి గ్రాఫిక్స్ చిప్‌లన్నీ సునాయాసంగా విప్పుతాయి. కొన్ని కెమెరాలు రికార్డు చేసే, రంగుల వివరం ఎక్కువగా దాచే 10-బిట్ 4:2:2 రకం హెచ్.265 సంగతి వేరు. ఇంటెల్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్ కొన్ని తరాలుగా దాన్ని నేరుగా విప్పుతోంది. ఎన్విడియా ఈ సదుపాయాన్ని 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతోనే తెచ్చింది, అంతకుముందు వరుసలో ఎంత ఖరీదైన కార్డుకైనా అది లేదు. కాబట్టి మీకు వచ్చే ఫుటేజ్ ఆ రకానిదైతే సొంత గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ మీద ఆలోచించండి. మోడల్ సంఖ్య చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదని కూడా గుర్తుంచుకోండి. అవి కొంత చవకగా దొరికినా మీకు పనికొచ్చే భాగమే వాటిలో ఉండదు. ఫోన్ వీడియోలే మీ పని అయితే ఈ చింత అక్కర్లేదు.

ఆటల వైపు నుంచి చూస్తే గ్రాఫిక్స్ కార్డు స్థాయిని నిర్ణయించేది మానిటరే. 1080పీ తెర మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి, 1440పీ మీద 36.9 లక్షలు, 4కే మీద 82.9 లక్షలు. అంటే 4కే మానిటర్ కొన్నవారి కార్డు ప్రతి ఫ్రేముకూ 1080పీకి గీయవలసిన దానికి నాలుగు రెట్లు గీయాలి. ఎడిటింగ్‌కూ ఆటలకూ కలిపి ఒకే తెర అనుకున్నప్పుడు 1440పీ మధ్యేమార్గంగా బాగుంటుందని నా ఉద్దేశం. టైమ్‌లైన్‌కు చోటు దొరుకుతుంది, కార్డు మీద భారం మరీ పెరగదు.

ఇప్పుడు పంపకం. మీ క్యాబినెట్ లోపలి బడ్జెట్‌ను నూరు పాళ్లు అనుకుంటే, మీలాగా రెండు పనులూ చేసేవారికి గ్రాఫిక్స్ కార్డుకు 33, ప్రాసెసర్‌కు 19, మదర్‌బోర్డుకు 13, ర్యామ్‌కు 12, ఎస్‌ఎస్‌డీకి 9, పవర్ సప్లైకి 7, క్యాబినెట్, కూలర్ రెండింటికీ కలిపి 7 పాళ్లతో మొదలుపెట్టమంటాను. మొదలుపెట్టమనే అంటున్నాను, అక్కడే ఆగమనడం లేదు. టాస్క్ మేనేజర్ చెప్పినదాన్ని బట్టి పాళ్లు ఇటూ అటూ జరపాలి, ర్యామ్ ధర పెరిగి ఉన్న రోజుల్లో దాని పాలు ఇంకా పెంచుకోక తప్పదు. సగం గ్రాఫిక్స్‌కే పెట్టమన్న మీ మిత్రుడు ఆటలు మాత్రమే ఆడేవారికి మంచి సలహానే ఇచ్చారు, మీకు మాత్రం అది సరిపోదు. ఆ డబ్బు కోసం ర్యామ్‌ను 16 జీబీ దగ్గర ఆపవలసి వస్తే 4కే ప్రాజెక్టు తెరిచిన రోజే ఇబ్బంది మొదలవుతుంది. మీ పనికి 32 జీబీ ఉండాలి.

ప్రాసెసర్ ముందు, మిగతావి తర్వాత అన్న రెండో సలహా సాకెట్‌ను, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటును బట్టి నిజం కావచ్చు, కాకపోవచ్చు. 2017లో ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు కొన్నవారిలో చాలామంది, బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌ను అప్‌డేట్ చేసుకుని, 2022లో వచ్చిన ప్రాసెసర్‌ను అదే బోర్డులో పెట్టుకోగలిగారు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాల వరకు నడిచింది, 2024లో దాని స్థానంలో ఎల్‌జీఏ 1851 వచ్చింది. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు 2027 వరకు, ఆపైన కూడా మద్దతు ఇస్తామని ఏఎండీ ప్రకటించింది. తర్వాత మార్చుకునే ఉద్దేశం నిజంగా ఉంటే ఇలాంటి సాకెట్ మీదే కట్టాలి. అయితే అన్నిటికంటే తేలిగ్గా మార్చుకోగలిగిన భాగం ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ కార్డు. ఒకటో రెండో స్క్రూలు, ఒక తాళం, ఒకటో రెండో కేబుళ్లు తీస్తే పాతది బయటికి వస్తుంది. అందుచేత డబ్బు చాలకపోతే చిన్న కార్డుతో మొదలుపెట్టి, లేదా సొంత గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో కొన్నాళ్లు ఎడిటింగ్ నడిపి, కార్డును తర్వాత తెచ్చుకోండి. పునాదిలో ఉండే మదర్‌బోర్డు, పవర్ సప్లై మాత్రం మొదటే సరైనవి ఉండాలి.

తగ్గించకూడని చోటు పవర్ సప్లై. ఎస్‌ఎంపీఎస్ అని పిలుచుకునే ఈ పెట్టె వేగాన్ని పెంచదు కాబట్టి అందరి చేయీ ముందు దీని మీదే పడుతుంది, కానీ ఇది చెడితే దీనికి కలిపిన ప్రతి భాగానికీ ప్రమాదమే. పెట్టె మీద కనిపించే 80 ప్లస్ ముద్రను నాణ్యతకు హామీ అనుకోవద్దు. అది కరెంటును ఎంత పొదుపుగా మారుస్తుందో మాత్రమే చెబుతుంది. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర 85 శాతం సామర్థ్యం ఉంటే బ్రాంజ్ ముద్ర వస్తుంది. లోపలి రక్షణ వలయాల గురించి, వేడిలో వోల్టేజీ నిలకడ గురించి ఆ ముద్ర ఏమీ చెప్పదు. వాటి కోసం విడదీసి పరీక్షించిన సమీక్షలు చదవాలి, వారంటీ ఎన్నేళ్లు ఇస్తున్నారో చూడాలి. వాట్ల విషయంలో అతిగా భయపడనక్కర్లేదు. రైజెన్ 5 7600 ప్రాసెసర్ గరిష్ఠంగా 88 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5060 కార్డు 145 వాట్లు తీసుకుంటాయి. ఫ్యాన్లు, డిస్కులు, బోర్డు అన్నీ కలిపి 60 అనుకున్నా మొత్తం 300 దాటదు. క్షణకాలపు ఎగుడుదిగుళ్లకు, రేపటి పెద్ద కార్డుకు చోటు ఉంచుకోవాలంటే 650 వాట్ల మంచి పవర్ సప్లై సరిపోతుంది. ఊరూపేరూ లేని 850 వాట్ల పెట్టె కంటే అది ఎంతో మేలు. మరొక హెచ్చరిక కూడా ఉంది. విడదీయగల కేబుళ్లున్న రకం తీసుకుంటే, దానితో వచ్చిన కేబుళ్లు తప్ప వేరే పవర్ సప్లై కేబుళ్లు ఎప్పుడూ తగిలించవద్దు. కనెక్టర్ ఆకారం ఒకేలా ఉన్నా లోపలి తీగల వరుస వేరుగా ఉండవచ్చు, ఒక్కసారి ఆన్ చేస్తే డిస్కులూ బోర్డూ కాలిపోవచ్చు.

తగ్గించుకోదగినవి చాలానే ఉన్నాయి. రంగురంగుల లైట్లు, లిక్విడ్ కూలర్, మీరు ఎన్నటికీ వాడని పోర్టులున్న ఖరీదైన మదర్‌బోర్డు, పీసీఐఈ 5.0 అనే వేగవంతమైన కనెక్షన్ వాడే ఎస్‌ఎస్‌డీ, వీటిలో ఏదీ మీ ఎక్స్‌పోర్ట్‌ను చెప్పుకోదగ్గంతగా తొందరపెట్టదు. సెకనుకు దాదాపు 7,000 మెగాబైట్లు చదివే పీసీఐఈ 4.0 ఎస్‌ఎస్‌డీ మీ పనికి మించినదే. అయితే ఎస్‌ఎస్‌డీలో క్యూఎల్‌సీ (ఒక్కో మెమరీ గదిలో నాలుగు బిట్లు దాచే) రకం మరీ చవకగా కనిపిస్తే ఆలోచించండి. పెద్ద ఫుటేజ్ కాపీ చేస్తున్నప్పుడు వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు (క్యాష్) నిండాక దాని రాత వేగం బాగా పడిపోతుంది. క్యాబినెట్‌కు ముందు వైపు గాజు పలక కంటే గాలి ఆడే జాలీ ఉన్నదే తీసుకోండి, తరచూ ధర కూడా తక్కువే ఉంటుంది. ర్యామ్ ఒకే 32 జీబీ స్టిక్‌గా కాక రెండు 16 జీబీ స్టిక్‌ల జతగా కొనాలి, అప్పుడే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉండే రెండు దారులూ (చానెళ్లు) పనిచేస్తాయి. 16 జీబీతో మొదలుపెట్టి తర్వాత మరో జత కలుపుదామన్న ఆలోచన ఇప్పటి తరం ర్యామ్ అయిన డీడీఆర్5 విషయంలో అంతగా కలిసిరాదు, నాలుగు స్టిక్‌లు పెట్టినప్పుడు వేగం తగ్గించుకోవలసి వస్తుంది.

పట్టిక తయారయ్యాక కొనే ముందు కొలతలు సరిచూడండి. గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు క్యాబినెట్ అనుమతించే మిల్లీమీటర్లలోపు ఉండాలి. ఏఎం5, ఎల్‌జీఏ 1851 బోర్డులు డీడీఆర్5నే తీసుకుంటాయి, ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో డీడీఆర్4వీ డీడీఆర్5వీ వేర్వేరుగా ఉన్నాయి. ఒకదానిది మరొకదానిలో దూరదు. మీ ప్రాసెసర్‌కు ఆ బోర్డు ఏ బయోస్ వెర్షన్ నుంచి మద్దతిస్తుందో తయారీదారు పేజీలో ఉంటుంది. ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చుకునే ఫ్లాష్‌బ్యాక్ మీట ఉన్న బోర్డు దొరికితే ఈ బెంగ తీరిపోతుంది. ప్రాసెసర్ పెట్టెలో కూలర్ వస్తుందో లేదో కూడా చూడండి. రైజెన్ 5 7600 పెట్టెలో వస్తుంది, 7600ఎక్స్ పెట్టెలో రాదు.

సెకండ్ హ్యాండ్ గురించి మీరు అడగలేదు గానీ బడ్జెట్ బిగువుగా ఉన్నప్పుడు ఆ ఆలోచన తప్పక వస్తుంది. క్యాబినెట్, ర్యామ్, కళ్లముందు నడిపి చూపించిన గ్రాఫిక్స్ కార్డు పర్వాలేదు. పవర్ సప్లై, ఎస్‌ఎస్‌డీ కొత్తవే కొనండి. ఇంటెల్ 13, 14 తరాల ఎక్కువ వాట్ల ప్రాసెసర్లలో కొన్ని వోల్టేజీ లోపం వల్ల క్రమంగా దెబ్బతిన్నట్టు 2024లో తేలింది, ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణ ఇచ్చి వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే జరిగిన నష్టాన్ని ఆ సవరణ పూడ్చదు కనుక వాటిలో ఇదివరకే వాడినవి కొనకపోవడమే మంచిది.

అన్నీ వచ్చాక బిగించడం మీరు అనుకున్నంత కష్టం కాదు. తొలిసారి చేసేవారు ఎక్కువగా మరచిపోయేది మదర్‌బోర్డు పై మూలన ఉండే ప్రాసెసర్ పవర్ కేబుల్. నాలుగు ర్యామ్ స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి, మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు తగిలించాలి. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. తెర నల్లగా ఉందని కంగారుపడి మధ్యలో ఆపేయకండి. తెర వెలిగాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ వేగపు సెట్టింగ్ ఆన్ చేస్తేనే ర్యామ్ మీరు డబ్బు పెట్టిన వేగంతో నడుస్తుంది. ఆ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ నడిపి, మరుసటి రోజు మీ అసలు ప్రాజెక్టునే పూర్తిగా ఎక్స్‌పోర్ట్ చేసి, మార్పిడి గడువు ముగిసేదాకా పెట్టెలూ, వారంటీ ఉన్నంతకాలం బిల్లులూ పారేయకుండా ఉంచండి.

టాస్క్ మేనేజర్‌లో ఏం కనిపించిందో, మీ ఫుటేజ్ ఏ రకమో, భాగాల పట్టిక ఎలా వచ్చిందో రాసి పంపితే కొనే ముందు నేను చూసి చెబుతాను. పవర్ సప్లైకి మాత్రం వాట్ల సంఖ్య ఒక్కటే కాకుండా మోడల్ పేరు పూర్తిగా రాయండి.